మూడు కొట్లకు పంచిన దగ్గు

మార్గశిరం, బుధవారం. పొద్దున్నే మంచు పట్టింది. పెరట్లో రాలిన కొబ్బరిమట్టలు గోడవారకి చేర్చాను. మా అక్క భర్త, మా బావగారు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయి ఇవాళ్టికి నెల. రోజువారీ లెక్కలు తప్ప ఏమీ రాయనివాణ్ణి. ఆయన గురించి మాత్రం నలుగురికీ చెప్పాలనిపించింది.

మండపేటలో ఒక రైస్‌మిల్లులో, కాటా దగ్గర ధాన్యం బస్తాలు తూయించడం ఆయన పని. మొహమాటం ఎక్కువ. వీధిలో రెండు సెలూన్లుంటే ఒక నెల ఇక్కడ, మరో నెల అక్కడ క్షవరం. కూరలు ఒకరోజు పెద్దకొట్టులో, మర్నాడు కాలవగట్టు మీద తట్ట పెట్టుకునే ఆవిడ దగ్గర. నేను నవ్వితే, "ఒకడి దగ్గరే కొంటే రెండోవాడి మొహం ఎలా చూస్తామోయ్ బావమరిదీ" అనేవారు. పెళ్ళికి ఎన్ని సంబంధాలు వచ్చి ఉంటే అన్నీ చేసుకునేవారని అక్క దెప్పేది.

దగ్గు కూడా అలాగే నడిచింది. ఏళ్ల తరబడి ఊకదుమ్ములో పనిచేసినవారికి దగ్గు రాదా అనుకున్నాం అందరం. బస్టాండు దగ్గరి డాక్టరుగారు సిరప్పు, యాంటీబయాటిక్ రాశారు. తగ్గలేదు. మళ్ళీ ఆయన దగ్గరికే వెళితే మిల్లు ఎదుటి డాక్టరుగారు ఏమనుకుంటారోనని ఈసారి అక్కడికి వెళ్ళారు. ఆయనా అవే రాశారు. మూడో ఆయన పీల్చే మందు ఇచ్చారు. ఆ మందులు కొనడం కూడా మూడు కొట్లలో వంతులవారీగానే. ఎవరికి వారికి అది మామూలు దగ్గే.

చివరికి కాకినాడ తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మగారు పాత చీటీలు అడిగారు. అక్క సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆవిడ వాటిని తేదీల వరసన బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ చదివారు.

"ఇవన్నీ ఒక్కరివేనా అమ్మా?"

అక్క కంటే ముందు బావగారే అన్నారు. "నావేనండి. అందరికీ తలా కాస్త పంచానండి."

ఆవిడ నవ్వలేదు. దగ్గుకి అవే మందులు మళ్ళీ మళ్ళీ రాయవలసి రావడమే అది మామూలు దగ్గు కాదనడానికి ఒక గుర్తనీ, ఇవన్నీ ఒకరి కంట పడి ఉంటే ఛాతీ ఎక్స్‌రే ఫోటో ఎప్పుడో తీయించేవారనీ నెమ్మదిగా చెప్పారు. ఆలస్యమైందన్న మాట పైకి అనలేదు.

క్యాన్సరని తేలి మంచం పట్టాక, చూడ్డానికి వచ్చిన మిల్లువాళ్ళలో ఎవరు దగ్గినా బావగారు మంచం దగ్గరికి పిలిచేవారు. "క్షవరానికి ఎక్కడికైనా వెళ్ళండర్రా. దగ్గుకి మాత్రం ఒక్క డాక్టరు, ఒక్క కొట్టు. రెండోసారీ తగ్గకపోతే ఫోటో తీయమని అడగండి." బస్తాలు మోసే ఒకతను అలాగే అడిగితే టీబీ అని తేలింది. మందులు వాడుతున్నాడు, తేరుకుంటున్నాడు. ఆ కబురు విన్నరోజు బావగారు రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఇప్పుడు అక్క బీపీ మాత్రలు మా వీధి మందుల కొట్టులోనే కొంటున్నాం. ఇవాళ బస్టాండు నుంచి అక్కడికి వెళుతూ, బావగారు మందులు కొన్న మూడు కొట్లలో ఒకటైన బస్టాండు కొట్టాయన ముందు తల దించుకుని నడిచాను. ఆయనే పిలిచారు.

"అక్కగారి మాత్రలకేనా అండి?"

అవునన్నాను.

"అక్కడే కొనండి. మా దగ్గర వద్దు. అన్నీ ఒకచోటే ఉండాలి."

నేను మలుపు తిరిగేదాకా ఆయన కొట్టు మెట్టు మీదే నిలబడి ఉన్నారు.

కూరలకి మాత్రం ఇంట్లో ఇంకా బావగారి వరసే. సంచి తీసుకున్నాను. ఇవాళ వంతు పెద్దకొట్టుదో, గట్టు మీద ఆవిడదో అక్కని అడిగి బయల్దేరాను.