దాటని కాలు

బస్సులో కండక్టరమ్మ నడక అందరికీ తెలిసిందే. మూటలు, సంచులు, చాచిన కాళ్లు, అన్నిటినీ దాటుకుంటూ పోతుంది. కిందికి చూడదు. చూస్తూ కూర్చుంటే టికెట్లు తెగవు.

నలభై దాటాక ఆమెకు నాట్యం మీద మనసు పడింది. చివరి స్టాపు ఎదురుగా మేడ మీద నాట్యం క్లాసు ఉంది. కిటికీలోంచి తాళం వినిపిస్తే ఆమె మడమ దానంతటదే నేలను తట్టేది. ఒకరోజు యూనిఫాంతోనే మెట్లెక్కింది. ఇంటికొచ్చి చెబితే అత్తగారు కళ్లజోడు తీసి ఎగాదిగా చూసింది.

"నేర్చుకో. రేపు ఆడలేక మద్దెల ఓడు అనకు."

క్లాసులో మిగతా అందరూ పిల్లలే. కండక్టరత్తా అని పిలిచేవారు. అడుగులు ఆమెకు తొందరగానే వచ్చాయి. కుదుపుల్లో నిలబడి రాటుదేలిన కాళ్లు కదా, మోకాళ్లు వంచి ఎంతసేపైనా నిలబడేది. మర్యాదలే పట్టుబడలేదు. ఆడే ముందు నేలకు దండం పెట్టాలి, తొక్కబోతున్నందుకు మన్నించమనాలి. ఆమె ఆ దండాన్ని టికెట్టు చింపినంత వేగంగా పెట్టేసేది. టీచరమ్మ మళ్లీ పెట్టించేది.

వార్షికోత్సవం దగ్గరపడింది. కొత్తవాళ్లకు గజ్జెలిచ్చే రోజు వచ్చింది. గజ్జెలు కట్టినవాళ్లకే వేదిక. ఆ పొద్దున బస్సులో స్టాపు రాకముందే విజిల్ ఊదింది.

టీచరమ్మ గజ్జెలను చాప మీద వరుసగా పరిచి ఒక్కొక్కరినే పిలిచింది. తన వంతు రాగానే కండక్టరమ్మ ఒక్క ఉదుటున లేచింది. చాప అడ్డొచ్చింది. అలవాటుగా గజ్జెల మీదుగా దాటేసింది.

ఒక చిన్నపిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టీచరమ్మ కోప్పడలేదు. ఆమెకివ్వాల్సిన జతను ఎత్తి, కళ్లకద్దుకుని, పక్కన పెట్టింది.

"ఇవి దారిలో మూటలు కావమ్మా. వారం ఉంది. కాళ్లకు కళ్లు రానీ."

మర్నాటి నుంచి ఆమె ప్రతి మూట దగ్గరా ఆగింది. కాస్త జరుపుతారా అని అడిగింది, వంగి రెండు చేతులా జరిపింది. కాలు తగిలితే మన్నించమంది. టికెట్లు తెగేలోపు స్టాపులు వెళ్లిపోయేవి. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"అక్కా, ఇది బస్సా, పెళ్లి ఊరేగింపా?"

బస్సంతా నవ్వింది. ఆమే ముందు నవ్వింది. నాలుగు రోజులకు జనం ఆమెను చూసి వాళ్లంతట వాళ్లే కాళ్లు ముడుచుకోసాగారు. ఇంత మర్యాద చేస్తే దిగబుద్ధి కావట్లేదని ఒక పెద్దాయన వాపోయాడు.

చివరి సాధన రోజు బస్సు ఆలస్యమైంది. అప్పటికే తాళం మొదలైంది. ఆమె మెట్లు పరుగున ఎక్కింది. గుమ్మం దాటగానే చాప. చాప మీద ఒకే ఒక్క జత.

లేచిన కాలు గాలిలో ఆగిపోయింది. బ్రేకు పడ్డట్టు ద్వారబంధం పట్టుకుంది. కాలు మెల్లగా వెనక్కి దించింది. కూర్చుంది. నేలకు దండం పెట్టింది, ఈసారి నింపాదిగా. గజ్జెలను రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకుని టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. కట్టకముందే అవి చేతుల్లో మోగాయి.

టీచరమ్మ తాళం ఆపింది. గజ్జెలు అందుకుని మళ్లీ ఆమె చేతుల్లోనే పెట్టింది.

"స్టాపు తెలిసిందిగా. కట్టుకో."

ముడి పడలేదు. టీచరమ్మ మళ్లీ తాళం మొదలుపెట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆ పిల్లే వచ్చి ముందు కూర్చుంది.

"అత్తా, కాళ్లు కదపకు."

అదొక్కటే ఆ రోజు ఆమె వల్ల కాలేదు.