సువార్తక్క పది నిమిషాల గది

నిన్న పొద్దున వార్డులో ఇంజెక్షన్లు లోడ్ చేస్తుంటే ఫోన్ వచ్చింది.

సువార్తక్క పోయిందట.

నమ్మలేదు. మొన్న మధ్యాహ్నం నాతోపాటే డ్యూటీ దిగింది. వాళ్ల ఊరి బస్సెక్కుతూ, "రేపు నాకు ఆఫ్, వార్డు నువ్వు చూసుకో" అని కూడా చెప్పింది. నిన్న పొద్దున్నే టీ పెట్టుకుంటూ పడిపోయిందట. గుండె. పక్కింటివాళ్లు ఆటోలో ఎక్కించేలోపే అయిపోయింది.

చేతిలో సిరంజి అలాగే ఉంది. ఏ బెడ్‌కి లోడ్ చేశానో మర్చిపోయాను. పారేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సువార్తక్క చిలకలూరిపేటలో మా చిన్న ప్రైవేటు హాస్పిటల్లో సీనియర్ నర్సు. నాకు పని నేర్పింది ఆవిడే, అందరికంటే ఎక్కువ తిట్టింది కూడా ఆవిడే. "సూది పెట్టమంటే బోరు వేస్తున్నావేంటే" అని పేషెంట్ ముందే అనేసేది. ఆ పేషెంట్ నవ్వేవాడు, నాకు ఒళ్లు మండేది.

మా ఫ్లోర్లో దుప్పట్ల రూమ్ పక్కన ఒక చిన్న గది ఉండేది. విరిగిన సెలైన్ స్టాండ్లు పడేసేవాళ్లు. అక్క ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి దాన్ని కడిగింది. ఇంటి నుంచి వైరు కుర్చీ, చాప, కూజా తెచ్చింది. పక్కనే జిన్నింగ్ మిల్లు, దూది నూగు లోపలికి కొడుతుందని కిటికీకి పాత చీర కట్టింది.

షిఫ్టుకి ఒకసారి నర్సులెవరైనా పది నిమిషాలు అందులో కూర్చోవచ్చని అక్క పెట్టిన రూలు. ఫోన్ బయటే. లోపల మాటల్లేవు. వెళ్లేముందు నీ బెడ్ నంబర్లు పక్క నర్సుకి అప్పజెప్పాలి. ఆమె వాటిని పైకి తిరిగి చెప్పాలి. అప్పుడే కదలాలి. "మనసు బెడ్ల దగ్గరే వదిలేసి లోపల కూర్చుంటే ఏం లాభం?" అనేది.

నేను ఎగతాళి చేశాను. మనకి రెస్ట్ ఏంటక్కా, మనమేమైనా కలెక్టర్లమా అన్నాను.

తర్వాత మిర్చి చేలో మందు కొడుతూ పడిపోయిన ఒకతన్ని తీసుకొచ్చారు. గంటకు పైగా ప్రయత్నించాం. పోయాడు. అతని భార్యది నా వయసే. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వదిలాక చార్టు మూడుసార్లు చదివాను, ఒక్క అంకె కూడా బుర్రకెక్కలేదు. పక్క బెడ్‌కి ఇన్సులిన్ ఇవ్వాలి.

అక్క చూసింది. "నీ బెడ్లు చెప్పు" అంది.

"ఏం లేదక్కా, బానే ఉన్నా."

"నీ సంగతి నేనడగలా. బెడ్లు చెప్పమన్నా."

చెప్పాను. ఆవిడ తిరిగి చెప్పింది. లోపలికెళ్లి ఏడ్చాను. బయటికొచ్చేసరికి ఇన్సులిన్ ఇచ్చేసి, చార్టు రాసేసి, ముఖం కడుక్కోమని సైగ చేసింది. దాని గురించి మళ్లీ ఒక్క మాట కూడా ఎత్తలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

ఇది రాయాలనే గంట నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

పోయిన ఏడాది ఇన్‌స్పెక్షన్ ముందు ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. ఏ గది దేనికి వాడుతున్నారో రాయాలి. ఆ రోజు అక్క సెలవులో ఉంది. ఫారం నా చేతికిచ్చారు.

నర్సుల రెస్ట్ రూమ్ అని రాస్తే, డ్యూటీలో పడుకుంటున్నారా అంటారని భయమేసింది. పేరు లేకపోతే ఎవరి కన్నూ పడదనుకున్నాను. "ఖాళీ" అని రాసి సంతకం పెట్టాను.

గదిని కాపాడుతున్నాననే అనుకున్నాను.

నెల తిరక్కుండానే ఇన్సూరెన్స్ డెస్క్ తెచ్చి అందులో వేశారు. ఖాళీ గదే కదా మరి.

అక్క తన కుర్చీ, కూజా ఇంటికి పట్టుకెళ్లిపోయింది. "ఎవరు రాశారో గానీ, భయపడి రాసుంటార్లే పాపం" అంది. నా వైపు చూడలేదు. ఆవిడకి తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. ఈ వారం చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపేశాను.

ఆ తర్వాత అక్క మెట్ల మీద కూర్చునేది. రెండు నిమిషాలకే ఎవరో ఒకరు "సిస్టర్, ఎక్స్‌రే ఎటండీ?" అని అడిగేవాళ్లు. లేచి దగ్గరుండి చూపించేది. మళ్లీ వచ్చి కూర్చునేది కాదు. కొన్నాళ్లకి అదీ మానేసింది. మేమూ మానేశాం.

గది ఉండి ఉంటే అక్క బతికేదని నేననను. ఆవిడకి బీపీ ఉంది, అందరికీ మాత్రలిచ్చి తనవి మర్చిపోయేది. కానీ ఈ ఏడాదిలో ఆవిడ ఎంత నీరసించిపోయిందో రోజూ చూశాను. చూసి కూడా నోరు మెదపలేదు. సిగ్గుగా ఉంది.

ఈరోజు సమాధి కార్యక్రమం అయ్యాక అక్క వాళ్లాయనకి, బావగారికి, అంతా చెప్పేశాను. ఆయన దాచేపల్లిలో సిమెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు, వారానికోసారే ఇంటికొస్తారు. నిన్న కూడా ఇంట్లో లేరు.

"నాకు చెప్తే ఏమొస్తదమ్మా" అన్నారు అంతా విని. "ఆ ఆఫీసోళ్లకి చెప్పు."

అక్కడి నుంచి నేరుగా హాస్పిటల్‌కి వెళ్లాను. ఆ గదిలో నర్సులు కూర్చునేవాళ్లు, తప్పు రాసింది నేను, మా గది మాకివ్వండి అని కాగితం రాసి అడ్మినిస్ట్రేటర్ గారికిచ్చాను. ఆయన చదివి పక్కన పెట్టారు. "చూద్దాం" అన్నారు. ఆ చూద్దాం సంగతి మనకి తెలిసిందే.

బయటికొస్తే, మొన్నమొన్నే చేరిన నర్సు కారిడార్లో గోడవైపు తిరిగి ఏడుస్తోంది. పేషెంట్ల తాలూకు వాళ్లు ఆమెను చూసుకుంటూ పోతున్నారు.

"వెళ్లి కాసేపు కూర్చోమ్మా, నీ వార్డు నేను చూస్తాలే" అన్నాను.

"ఎక్కడ కూర్చోను సిస్టర్?" అంది.



క్షమించక్కా. ఇప్పుడు నువ్వున్న చోట నిన్నెవరూ పిలవకూడదు, ఎవరూ లేపకూడదు. ఆ ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి.