ఎత్తిపోతల పక్కనే సాగర్ డ్యామ్

మాచర్ల వైపు వెళ్లాలనుకునేవాళ్లు నన్ను తరచూ ఒకటే అడుగుతుంటారు. ఎత్తిపోతల జలపాతం, నాగార్జునసాగర్ రెండూ ఒకే రోజులో చూసి రావచ్చా అని. రావచ్చు. ఎనభైల మధ్యలో నేనూ మావారూ అట్లాగే అనుకుని బయల్దేరాం. కాకపోతే మేం ఊరికే చూసి రావడానికి వెళ్లలేదు. ఆ రెంటినీ ఒకే ఫొటోలో పెట్టే పని మీద వెళ్లాం.

అప్పట్లో నరసరావుపేటలో మాకో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ఫొటోలు తియ్యడం మావారి వంతు. డార్క్‌రూమ్‌లో ఫిల్ము కడగడం, ప్రింట్లు వెయ్యడం, మచ్చలు దిద్దడం నా వంతు. ఆ ఏడాది శ్రావణ మాసానికి ముందు ఆయన స్కూటర్ మీద నుంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నారు. మోచెయ్యి దాటేదాకా సిమెంటు కట్టు. ఒప్పుకున్న పెళ్లిళ్లన్నీ వేరే స్టూడియోలకి పోయాయి. తలుపులు తీసే ఉంచినా ఊళ్లో వాళ్లకి మా స్టూడియో మూతపడ్డట్టే లెక్క. సరిగ్గా అప్పుడొచ్చాడు చెన్నకేశవులు బాబాయ్. ఆయనది మాచర్ల. పేటలో బస్టాండు దగ్గర టిఫిన్ హోటలు పెట్టబోతున్నాడు.

"లోపల గోడ ఖాళీగా ఉంది. క్యాలెండర్లో మంచుకొండలు నాకొద్దు. మా వైపు నీళ్లు కావాల. ఎత్తిపోతలా ఉండాల, డ్యామూ ఉండాల. ఒకే ఫొటో, గోడంత" అన్నాడు.

"ఆ రెంటికీ మధ్య చానా దూరం గదా బాబాయ్" అన్నారు మావారు.

"ఆ దూరం కనపడకుండా చెయ్యమనే గదా మీ దగ్గరికొచ్చింది. అదిసరే, నీ చెయ్యి ఇట్టా ఉంటే తీసేదెవురు?"

"మా పద్మ తీస్తది."

ఆ మాట నేనూ అప్పుడే వినడం. బాబాయ్ నా వైపు తిరిగి, "నువ్వెప్పుడన్నా తీశావా అమ్మాయ్?" అన్నాడు. ఇంట్లో వాళ్లని తీశానుగానీ కొండల్నీ నీళ్లనీ ఎప్పుడూ తియ్యలేదని ఉన్నమాటే చెప్పాను. "బాగోకపోతే తీసుకోను. గుంటూరులో చేయించుకుంటా. ముందే చెబుతున్నా" అని బాబాయ్ లేచి వెళ్లిపోయాడు. ఆయన అటు వెళ్లగానే మావారి మీద విరుచుకుపడ్డాను. ఆయన మాత్రం నింపాదిగా, "జోడించేది ఎటూ నువ్వే. ఏం జోడించాలో నువ్వే చూసుకుంటే మంచిది గదా" అన్నారు.

తెల్లవారే మొదటి బస్సెక్కాం. నకరికల్లు దాటేదాకా రోడ్డుకి రెండు పక్కలా మిరపనారు వేస్తున్న ఆడవాళ్లు కనిపించారు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దుమ్ము బస్సులోకి వచ్చి అందరి తలలూ తెల్లబడ్డాయి. అక్కడ బస్సాపితే టీ తాగాం. తర్వాత గురజాల, రెంటచింతల మీదుగా పొద్దు బాగా ఎక్కేసరికి మాచర్ల చేరాం. ఇద్దరికీ కలిపి ఛార్జీ ఇరవై రూపాయలు దాటలేదని గుర్తు. మాచర్లలో ఇడ్లీ తిని, సాగర్ వైపు వెళ్లే జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు పేరు సైదులు. మా సామాను పైకెక్కిస్తూ స్టాండు చూసి ఆగిపోయాడు.

"ఏందక్కా ఈ మూడుకాళ్లది? రోడ్డు సర్వేనా?"

"కాదు తమ్ముడూ, ఫొటోలకి."

"మరి కెమెరా నీ మెడలో ఉందేంది, అన్న మెడలో లేకుండా?"

మావారు కట్టు చూపించారు. సైదులు పగలబడి నవ్వాడు. "అయితే ఇయ్యాల అన్నది కూలిపని అన్నమాట. మొయ్యన్నా, మొయ్యి!" అంటూ స్టాండు తెచ్చి ఆయన ఎడం భుజాన పెట్టాడు. ఆయన దాన్ని దింపకుండా అట్లాగే జీపెక్కారు. పొద్దుటి నుంచీ నాలో ఉన్న బెరుకు ఆ నవ్వులతో కొంచెం తగ్గింది.

సాగర్ రోడ్డు మీంచి పక్కకి తిరిగి కొంత దూరం పోతే ఎత్తిపోతల. జీపు దిగకముందే నీళ్ల హోరు వినిపించింది. లోయ అంచున నిలబడి చూస్తే చంద్రవంక వాగు ఎదురుగా కొండ మీంచి పాయలుపాయలుగా కిందికి దూకుతోంది. కింద ఆకుపచ్చటి మడుగు, చుట్టూ తుప్పలు, ఎర్రరాయి. ప్రింట్లలో ఎన్నోసార్లు చూసిన చోటే. కానీ నీటి తుంపర అంత దూరం వచ్చి ముఖాన పడుతుందని ఏ ప్రింటూ నాకు చెప్పలేదు.

మాది పైనుంచి తొంగిచూసే పాత కెమెరా. దాని అద్దంలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. కుడిపక్కనున్న కొండ అద్దంలో ఎడంపక్క కనపడుతుంది. రీలుకి పన్నెండు ఫొటోలు. మేం తెచ్చుకున్నది రెండు రీళ్లు. ఆ తారుమారులో తికమకపడి మొదట్లోనే కొన్ని ఫొటోలు పాడుచేశాను. మావారు ఒక రాయి మీద కూర్చుని, "అద్దంలో కుడి ఎడమల సంగతి వదిలెయ్. చెట్టుని పట్టుకో. ఈ ఫొటో చివర్న ఉన్న తుమ్మచెట్టు వచ్చే ఫొటో మొదట్లో ఉండాల. అప్పుడే రెంటినీ అతికించగలవు" అన్నారు. అంతే, చెట్టు నుంచి బండకి, బండ నుంచి పాయకి, పాయ నుంచి అవతలి కొండవాలుకి నెమ్మదిగా జరుపుకుంటూ పోయాను.

అదే సమయంలో చిలకలూరిపేట నుంచి స్పిన్నింగు మిల్లు కుటుంబాలు వ్యానులో పిక్నిక్కి వచ్చి లోయ అంచునున్న కమ్మీల ముందు వరసగా నిలబడ్డాయి. అందులో ఒకావిడ నా దగ్గరికొచ్చి, "మమ్మల్నీ ఒకటి తియ్యవా వదినా?" అంది. ఫిల్ము తక్కువుంది, నీళ్లొక్కటే తియ్యాలని చెప్పాను. కోప్పడుతుందేమో అనుకున్నా. ఆవిడ వెనక్కి తిరిగి, "ఒరేయ్, అందరూ ఇవతలికి రండి! వదిన పని మీదుంది" అని ఒక్క కేకతో కమ్మీలన్నీ ఖాళీ చేయించింది. మేం వెళ్లేటప్పుడు విస్తరాకులో పులిహోర కూడా కట్టిచ్చింది.

మధ్యాహ్నానికి సైదులు మమ్మల్ని డ్యామ్ పక్కనే ఉన్న విజయపురి సౌత్‌లో దింపి వెళ్లిపోయాడు. డ్యామ్ మీద ఫొటోలు తియ్యకూడదని కాపలా మనిషి మర్యాదగానే చెప్పాడు. ఏం చెయ్యాలో తోచక రోడ్డు పక్క కొట్లో టీ తాగుతూ కూర్చున్నాం. అక్కడే కిరసనాయిలు కొనుక్కుంటున్న ఒకామె మా స్టాండు చూసి పలకరించింది. పేరు యాదమ్మ. ఆమెది ఏటి అవతల నల్లగొండ వైపు ఊరు. భర్త ఇరిగేషన్‌లో పనిచేస్తాడు, ఉండేది క్వార్టర్సులో.

"ఏడికెల్లి వచ్చిన్రక్కా?"

సంగతంతా చెప్పాం.

"గింతేనా! మా మిద్దె మీదికెల్లి నీళ్లన్నీ కండ్లబడ్తయి. మా ఇల్లు మేం ఎక్కుతమంటే ఎవరొద్దంటరు? రాండ్రి."

ఆ మిద్దె మీంచి చూస్తే డ్యామ్ గోడ దూరంగా గీత గీసినట్టుంది. దాని వెనక కృష్ణమ్మ కొండల మధ్యకి పరుచుకుని ఉంది. ఆనందంగా మూడు నాలుగు తీశాక మావారు నన్ను ఆపారు. "జలపాతం దగ్గర ఎండ ఎటునుంచి పడింది? ఇక్కడ ఎటునుంచి పడుతోంది? రెంటినీ పక్కన పెడితే ఫొటోలో ఇద్దరు సూర్యులు ఉన్నట్టుంటది" అన్నారు. నిజమే. ఇక్కడ నీడలన్నీ అక్కడి వాటికి ఎదురుగా పడుతున్నాయి. పైగా రెండు చోట్లా ఆకాశం తెల్లగా, సున్నం కొట్టిన గోడలాగా ఉంది.

సాయంత్రం కావస్తోంది, పడమట మబ్బు లేస్తోంది. అది సూర్యుడి మీదికొస్తే ఇక్కడి నీడలు పోతాయి, ఎదురు నీడల గొడవుండదు. కెమెరాలో రెండు ఫొటోలే మిగిలాయి. కింద రోడ్డు మీద మాచర్ల వెళ్లే ఆఖరి బస్సు హారన్ కొడుతోంది. "ఉన్న వెలుగులోనే తీసెయ్, పోదాం పద. ప్రింటులో ఏదో ఒకటి సర్దుకోవచ్చు" అన్నారు ఆయన. ప్రింటులో సర్దేది నేనే. ఏది సర్దుకుంటుందో ఏది సర్దుకోదో నాకు తెలుసు. "బస్సు పోనివ్వండి" అన్నాను. అంత గట్టిగా ఆయనకి ఎదురు చెప్పడం నాకే కొత్తగా అనిపించింది. ఆయన వెళ్లి పిట్టగోడ మీద కూర్చున్నారు.

బస్సు వెళ్లిపోయింది. కాసేపటికి మబ్బొచ్చి సూర్యుణ్ణి కప్పింది. కొండలు, గోడ, నీళ్లు అన్నీ ఒకే మెత్తటి వెలుగులోకి వచ్చాయి. డ్యాముని తీశాను. మిగిలిన ఒక్క ఫొటోని నీళ్ల మీద పెట్టకుండా కెమెరా పైకెత్తి ఆ మబ్బులనే తీశాను. అన్నిటి మీదా కప్పడానికి ఒక్క ఆకాశం చాలు కదా. యాదమ్మ కిందనించి, "బస్సు పోయిందని రంది పడకుండ్రి, రొట్టెలు చేస్తున్న" అని కేకేసింది. జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి. ఆ పూట వాళ్లింట్లోనే ఉండి, పొద్దున్నే బస్సెక్కాం.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. గోడంత ఫొటోకి ప్రింటు వేసే పెద్ద బ్రోమైడ్ కాగితాలు మూడు కావాలి; పాడయ్యేవాటికీ కలిపి ఒక కట్ట గుంటూరు నుంచి తెప్పించాం. ప్రతి కాగితానికీ రెండుసార్లు వెలుగు పట్టాలి. మొదట పైభాగానికి అట్ట అడ్డం పెట్టి కింద నేల, నీళ్లు. తర్వాత నేలకి అడ్డం పెట్టి పైన మబ్బులు. కొండవాలు ఎట్లా ఉంటే అట్లా అట్టని కత్తిరించి, గీత పడకుండా దాన్ని మెల్లగా ఆడిస్తూ ఉండాలి. మావారికి ఒక చెయ్యే ఆడుతుంది కాబట్టి పక్కన నిలబడి అంకెలు లెక్కపెట్టారు. ఆయన లెక్కకి నా చెయ్యి కదిలింది. జలపాతానికీ డ్యాముకీ మధ్య ఉన్న దూరమంతటినీ ఒక తుప్పల కొండవాలు వెనక దాచేశాను. ఎన్ని కాగితాలు పాడయ్యాయో చెప్పను. చివరికి బాగా వచ్చిన మూడింటినీ ప్లైవుడ్డు మీద పక్కపక్కన అంటించి, అతుకుల మీద సన్నటి కుంచెతో దిద్ది, నీళ్లకి లేతగా రంగు పూశాను.

హోటలు తెరిచిన రోజు చెన్నకేశవులు బాబాయ్ ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ముక్కు ఆనేంత దగ్గరికెళ్లి అతుకు కోసం వెతికాడు. తర్వాత వెనక్కొచ్చి, "దోసెలు కానియ్యండ్రా" అని వంటవాళ్లని కేకేశాడు. తీసుకున్నట్టే! మొదటి బేరానికి కూర్చున్నవాళ్లలో ఒక గురజాల ఆయన, "ఎత్తిపోతల పక్కన డ్యామ్ యాడుందయ్యా?" అని మొదలుపెట్టాడు. ఎదురుగా ఉన్న రెంటచింతల ఆయన ఊరుకోలేదు. "పైనున్న బండెక్కి చూడు, కనపడుద్ది. మా బావమరిది, నేను అక్కడే నిలబడ్డాం" అని కొట్టిపారేశాడు. ఇద్దరికీ ఇడ్లీ చల్లారిపోయింది. నేనూ మావారూ ఒకళ్లనొకళ్లం చూసుకోకుండా కాఫీ తాగాం.

వారం తిరక్కుండా ఒక పెద్దావిడ స్టూడియోకి వచ్చింది. "హోటల్లో నీళ్ల బొమ్మ తీసింది ఎవురు?" అని అడిగింది. మావారు నన్ను చూపించారు. "మా మనవరాలి పెళ్లి. పిల్లకి బిడియం ఎక్కువ, మగాళ్ల ముందు తలెత్తదు. నువ్వొచ్చి తియ్యమ్మా" అంది. ఆ పెళ్లికి కెమెరా నేను పట్టుకున్నాను, లైటు మావారు ఎడంచేత్తో పట్టుకున్నారు. కట్టు విప్పాక మా స్టూడియోలో రెండు కెమెరాలు పనిచేశాయి.

ఆ ఫొటోలో ఉన్న చోటు భూమ్మీద ఎక్కడా లేదని నాకు తెలుసు. అయినా దాన్ని అబద్ధం అనబుద్ధి కాదు. అందులో ఉన్న నీళ్లు నిజం, కొండ నిజం, మబ్బు నిజం. ఒక రోజంతా తిరిగి, చూసినవన్నీ ఇంటికొచ్చి తలుచుకుంటే మన మనసులో మిగిలేదీ అట్లాంటి బొమ్మే. దారిలో గంటల తరబడి కూర్చున్న బస్సు అందులో ఉండదు. నచ్చినవన్నీ పక్కపక్కకి వచ్చి నిలబడతాయి. వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: ఒకే రోజులో రెండూ చూడటం కుదురుతుంది గానీ, కుదిరితే విజయపురి సౌత్‌లో ఒక రాత్రి ఉండేట్టు వెళ్లండి. సాయంత్రం వెలుగు బాగున్నప్పుడు బస్సు కోసం పరిగెత్తాల్సిన పని ఉండదు.