చెరి సగం గడ్డి

కంప్యూటర్ వచ్చినవాడికి అన్నీ వచ్చునని లోకం నమ్మిన రోజులవి. లోకం సంగతి ఎలా ఉన్నా మేము మాత్రం గట్టిగా నమ్మాం. కాకినాడ నుంచి సింగపూర్‌లో దిగి ఏడాది తిరక్కుండానే నేను సాఫ్ట్‌వేర్‌తో పాటు షేర్ మార్కెట్, దౌత్యనీతి, వంకాయ కూర వగైరా విషయాల మీద కూడా అడక్కుండానే సలహాలిచ్చే స్థాయికి వచ్చాను. అలాంటివాడి చేతికి ఎవరైనా ఒక గడ్డి మడి అప్పగిస్తే ఏమవుతుందో అప్పటికి నాకు తెలియదు. పాపం, ఆంటీకీ తెలియదు.

ఆంటీ అంటే మా ఇంటి యజమానురాలు. రెండు తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగువారు, బడిపంతులమ్మగా రిటైరయ్యారు. పాసిర్ రిస్‌లో ఆవిడ ఇంటి మేడ మీద గదిలో నేనూ, మా ఆఫీసులోనే పనిచేసే కరీంనగర్ ఆయనా ఉండేవాళ్ళం. కాఫీ కలపడానికైనా ఒక ప్రాసెస్ ఉండాలనేవాడు కాబట్టి ఆయన్ని అందరం ప్రాసెస్ అన్న అనేవాళ్ళం. ఇంటి ముందు పచ్చటి గడ్డి, దాని మీదికి గొడుగులా వాలిన బాదం చెట్టు. ఆ ఊళ్ళో ఋతువులు లేవు (ఎండ, వాన, ఆఫీసులో ఏసీ, అంతే). కానీ ఆ సంగతి చెట్టుకెవరూ చెప్పలేదేమో, ఉన్నట్టుండి ఆకులన్నీ ఎర్రబడి, విస్తళ్ళంత వెడల్పున రాలిపోయేవి. ఆ గడ్డి ఆంటీ భర్త స్వయంగా నాటింది. ఆయన పోయాక ఆవిడ రోజూ పొద్దున్నే దాని పక్కన కుర్చీ వేసుకుని కాఫీ తాగేవారు.

సరిగ్గా ఆకులు రాలే సమయానికి మలేషియాలో ఉన్న కూతురి పురిటికి ఆంటీ వెళ్ళాల్సివచ్చింది. "తంబీ, గడ్డి మీద ఆకు నిలిస్తే దానికి ఊపిరాడదు. కొంచెం చూసుకోండి. బిడ్డ బారసాల ఈ గడ్డి మీదే చేద్దామని ఉంది," అన్నారు. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆవిడ మీద గౌరవం ఒక కారణం. తంజోంగ్ పగార్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే ఆవిడ మేనకోడలు శనివారాల్లో దేవుడికి దీపం పెట్టడానికి వస్తుందన్నది ఇంకో కారణం (రెండోదే బలమైనదని వేరే చెప్పనక్కర్లేదు).

ఆఫీసులో ఇంటర్నెట్ వెదికితే అమెరికా వాళ్ళ జ్ఞానం దొరికింది. రాలిన ఆకుల్ని ముక్కలు చేసి గడ్డి మీదే వదిలేస్తే అదే ఎరువట. ప్రాసెస్ అన్న ఒప్పుకోలేదు.

"గట్ల కాదు తమ్మీ. ఆకు పడంగనే గీకి తీసెయ్యాలె. ఏదీ పెండింగ్ పెట్టొద్దు."

"అమెరికాలో అలా చెయ్యరంటన్నా."

"అమెరికాల ఈ వాన పడ్తదా?"

ఆ ప్రశ్న ఇంటర్నెట్‌లో లేదు కాబట్టి పట్టించుకోలేదు. చివరికి మధ్యలో తాడు కట్టి గడ్డిని చెరి సగం పంచుకున్నాం. ఆకులు తరిగే యంత్రం నా దగ్గర లేదు. అందుకని ఆదివారం పీట వేసుకుని కత్తెరతో ఒక్కొక్క ఆకునూ సన్నగా తరగడం మొదలుపెట్టాను. పక్కింటి చైనా పెద్దాయన గోడ మీదుగా చాలాసేపు చూసి, "బాయ్, ఇండియాలో ఇది కూడా మకానా?" అని అడిగాడు (మకాన్ అంటే అక్కడ తిండి). అవతల ప్రాసెస్ అన్న ఇనప పళ్ళ పారతో పొద్దునా సాయంత్రం పొలం దున్నినట్టు గీకుతున్నాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. నా ఎరువు నాని, అట్టకట్టి, గోంగూర పచ్చడిలా పరుచుకుంది. వేళ్ళతో ఎత్తి చూస్తే కింద గడ్డి కామెర్లు వచ్చినట్టు పసుపుగా ఉంది. ప్రాసెస్ అన్న వైపు ఆకులు లేవు, గడ్డి కూడా లేదు. ఆ శనివారం మేనకోడలు గేటు దగ్గరే ఆగిపోయింది.

"అయ్యో, అన్నా, ఈ సైడ్ మొత్తం బొటాక్ లా," అంది (బొటాక్ అంటే గుండు, లా అక్కడివాళ్ళ ఊతపదం). తర్వాత నా వైపు తిరిగి, "అంకుల్, మీ సైడ్ ఏంటి స్మెల్ వస్తోంది?" అంది.

నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడు అన్న, నేను అంకుల్. గడ్డి సంగతి కాసేపు మరిచిపోయాను.

ఆంటీ బిడ్డనూ బాలింతనూ తీసుకుని వచ్చేసరికి ఇద్దరం తలలు వంచుకుని గేటు దగ్గర నిలబడ్డాం. ఆవిడ చెప్పులు విప్పి, పసుపు సగంలో కాసేపు, బోడి సగంలో కాసేపు నడిచారు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటారేమో అనుకున్నాం. ఆవిడ మాత్రం నవ్వడం మొదలుపెట్టారు. "మొదటి ఏడాది మీ అంకుల్ కూడా దీన్ని చంపేశారు తంబీ. ఆయనొక్కరే చంపారు. మీరిద్దరూ పంచుకున్నారు," అన్నారు. బారసాల ఆ నేల మీదే, పెద్ద జంపఖానా పరిచి చేశారు. ఆకు ఆరిన రోజున ఈనెల చీపురుతో పైపైన తీసి చెట్టు మొదట్లో పోగెయ్యాలనీ, కుళ్ళినదే తర్వాత ఎరువనీ ఆవిడ నేర్పారు. అంటే మా ఇద్దరి సిద్ధాంతాలూ నిజమేనన్నమాట. ఒక్క గడ్డి విషయంలో తప్ప.

కొన్నాళ్ళకు డాట్‌కామ్ బుడగ పేలిపోయింది, మా కంపెనీ మూతపడింది. ప్రాసెస్ అన్న హైదరాబాద్ వెళ్ళిపోయాడు. నేను మెట్ల మీద కూర్చుని గడ్డి తిరిగి మొలవడం చూసేవాణ్ణి. ఆ ఏడాది నేను చివరిదాకా చేసిన పని అదొక్కటే. పాయా లేబర్‌లో కొత్త ఉద్యోగం దొరికి, మొదటి రోజు టై కట్టుకుని బయల్దేరుతూ కూడా వంగి ఆకులు ఏరుతుంటే ఆంటీ, "పో నాయనా, గడ్డి ఎక్కడికీ పోదు," అని తరిమారు. పరుగెత్తి బస్సెక్కాక చూసుకుంటే చేతిలో ఒక ఎర్రటి ఆకు అలాగే ఉండిపోయింది. ఆ టై కుర్రాడు, అంటే నేనే, దాన్ని పారెయ్యకుండా, పక్కనున్నవాళ్ళు చూస్తున్నా సరే, ఆఫీసు దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోకంలో అన్నీ తెలిసినవాడికి ఆ ఒక్క ఆకుని ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.