మా ఇంటి పిల్లర్లు ఎర్రబడిన వేసవి

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. ఇరవై రెండేళ్లకు సివిల్ ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చి, జగిత్యాలలో ఒక డిజైన్ ఆఫీసులో చేరి నాలుగు నెలలైనా నిండకముందే, దారిన పోతూ పోతూ ఇళ్లకు ఆయుష్షు చెప్పేదాన్ని. రోజూ కోరుట్ల నుంచి జగిత్యాలకు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "ఆ బాల్కనీ ఎక్కువ కాలం నిలవదండీ" అని పక్కసీటామెకు అడగకుండానే వివరించేదాన్ని. (ఒకామె లేచి వెనక సీటుకు వెళ్లిపోయింది. బహుశా ఆ బాల్కనీ ఆమెదే అయ్యుంటుంది.) నా ధైర్యమంతా ఆఫీసు వాళ్లు నాకిచ్చిన లాప్‌టాప్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉండేది. ఇంటి పిల్లర్లు, బీములు ఎంత మందమో, వాటిలో ఎన్ని ఇనుప సలాకలున్నాయో, పైన ఎంత బరువు పడుతుందో అందులో నింపితే చాలు, మోయగలిగిన పిల్లరును పచ్చగా, మోయలేనిదాన్ని ఎర్రగా చూపించేది. పావుగంటలో తీర్పు. అంతటి యంత్రం చేతిలో ఉన్నప్పుడు ఎవరికైనా కళ్లు నెత్తికెక్కుతాయి. నావి కాస్త తొందరగా ఎక్కాయి.

ఆ వేసవిలోనే మా నాన్న, మా పిలుపులో బాపు, దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ ఆయన డ్రైవరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన మా ఇంటికి చుట్టంలాగే వచ్చిపోయేవాడు. ఈసారి మాత్రం వచ్చిన మర్నాడే చాయ్ తాగుతూ, "ఇగ సాలు. పైన ఒక అంతస్తు ఏసుకుందాం. మనం పైన ఉందాం, కిందిది కిరాయికిద్దాం. ఇంకోసారి పొయ్యి, లెక్క సెటిల్ చేస్కొని వాపస్ అచ్చేస్త" అన్నాడు. ఆ రోజు అమ్మ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

కింది ఇల్లు కట్టింది మేస్త్రి కాక. బాపుకు చిన్నప్పటి దోస్తు, మాకు చుట్టం కాకపోయినా చుట్టాల కంటే ఎక్కువ. చదువు లేదు గానీ తను కట్టిన ప్రతి ఇంట్లో ఏ మూల పిల్లరుకు ఎన్ని సలాకలు వేశాడో, ఎన్నేళ్లైనా నోటికి చెప్పేవాడు. పై అంతస్తు మాట వినగానే సంబరంగా టేపు పట్టుకుని వచ్చాడు. నేనూ లాప్‌టాప్ పట్టుకుని వచ్చాను. "ఆగు కాకా. ముందు చెక్ చేయాలె" అన్నాను. కాక నవ్వి, కొలతలన్నీ చెప్పాడు. పిల్లరు తొమ్మిదికి పన్నెండంగుళాలు, ఆరు సలాకలు, సలాకలను చుట్టి కట్టే రింగుల మధ్య ఇంత దూరం. నేను నింపుకుంటూ పోయాను. చివరికి మీట నొక్కాను. ఇల్లంతా ఎర్రబడింది. పై అంతస్తు వేస్తే అని కాదు, ఉన్న ఇల్లు ఉన్నట్టుగానే ఎర్రగా ఉంది. ఒక్క పిల్లరైనా పచ్చగా లేదు.

అప్పుడు నాకు భయం వేసి ఉండాల్సింది, అనుమానం రావాల్సింది. నిజం చెప్పాలంటే నాకు ఆనందమైంది. మా వాళ్లందరి ముందు, ప్రమాదాన్ని కనిపెట్టినదాన్ని కదా!

"బాపూ, పైన ఏసుడు కాదు, ఉన్న ఇల్లే ఆగుతదో లేదో డౌట్" అని ప్రకటించాను. కాక లేచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని స్క్రీన్ వైపు వంగి చూశాడు. "గీ ఎర్రగున్నది గా మూల మీది పిల్లరే గదా బిడ్డా? దాంట్ల ఆరు సలాకలేసిన. మీ అమ్మ నిలవడి సూసింది."

"ఆరు సాలవు కాకా."

"ఎన్మిదేండ్ల నుంచి నిలవడ్డది గదనే!"

"నిలవడ్డది. ఎంత కాలమో చెప్పలేం" అన్నాను, నలభై ఏళ్ల అనుభవం ఉన్నట్టు.

బాపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన జీవితంలో అంత కష్టమైన ఎంపిక మరొకటి వచ్చి ఉండదు. చివరికి, "తమ్మీ, ఏమనుకోకు. కంప్యూటర్ చెప్తున్నది. బిడ్డ సదువుకున్నది" అన్నాడు. కాక టేపు జేబులో పెట్టుకుని, "సరే అన్నా" అని చెప్పులేసుకున్నాడు. అమ్మ చాయ్ పెట్టిందని పిలిచినా వెనక్కి తిరగలేదు.

మర్నాడే హాలులో, వంటింట్లో స్లాబు కింద ఆసరాగా సెంట్రింగ్ కట్టెలు నిలబెట్టించాను. ఇల్లు అడవిలా తయారైంది. అమ్మ వాటి మధ్య దారి చేసుకుని వంట చేసేది, పొద్దున తడిబట్టలు వాటికే ఆరేసేది. అందరి పడకలూ వాకిట్లోకి మార్పించాను. బాపును కన్న బాపమ్మ ఒక్కతే కదలలేదు. "నేను ముందు పోతనా, ఇల్లు ముందు పోతదా సూద్దాం తియ్" అని హాలు నడుమ మంచంలోనే ఉండిపోయింది. అదే వారంలో నన్ను చూసుకోవడానికి పెళ్లివాళ్లు వచ్చారు. పెళ్లికొడుకు మేనమామ కట్టెల వంక చూసి, దర్వాజకు దగ్గరున్న కుర్చీ వెతుక్కున్నాడు. "పిల్ల ఏం చేస్తదన్నరు?" అని అడిగాడు. ఇండ్లు పడిపోకుండా చూసే ఇంజనీరని బాపు గర్వంగా చెప్పాడు. వాళ్లు చాయ్ సగం తాగి లేచారు.

ఇదంతా ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ తర్వాతి సంగతులు నవ్వుకునేవి కావు. పై అంతస్తు ఆగిపోయింది. ఇల్లు కూల్చి మళ్లీ కట్టాల్సి వస్తుందని భయపడ్డ బాపు, సెలవు అయిపోయాక వెళ్లి ఇంకో రెండేళ్లకు అగ్రిమెంట్ రాశాడు. ఎయిర్‌పోర్టుకు బండి ఎక్కుతూ కూడా, "కట్టెలు తియ్యకుండ్రి" అనే చెప్పాడు. ఇక కాక సంగతి. మా హాలులో కట్టెలు చూసినవాళ్లంతా ఆ ఇల్లు ఎవరు కట్టారని అడిగారు. మా పక్క వీధిలో ఒక టీచరు, కాకతో మొదలుపెట్టాల్సిన ఇంటిని మరో మేస్త్రికి ఇచ్చాడు. తర్వాత ఇంకొకరు. అంతకుముందు కట్టించుకున్నవాళ్లు కూడా ఫోన్లు చేసి, "మా ఇంట్ల సక్కగేసినవా లేదా?" అని అడిగేవారట. కాక ఎవరితోనూ కొట్లాడలేదు. వానలు మొదలయ్యేసరికి సిరిసిల్ల దగ్గర తంగళ్ళపల్లిలో ఉన్న కూతురింటికి వెళ్లిపోయాడని తెలిసింది.

చలికాలం వచ్చాక ఆఫీసులో నాకు సొంతంగా ఒక ఇంటి డిజైను ఇచ్చారు. కొత్తగా మొదలుపెట్టడం ఎందుకని మా ఇంటి ఫైలునే మార్చుకుని వాడాను. మా సార్ చాయ్ గ్లాసుతో వెనక నిలబడి కాసేపు చూసి, "ఈ గోడలు దేంతోని కడుతున్నరమ్మా? గుండ్రాళ్లతోనా, గుట్టతోనా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయన వేలు పెట్టి చూపించాడు. బీము మీద గోడ బరువు పదమూడు పాయింట్ ఎనిమిది అని నింపాల్సిన చోట నూట ముప్పై ఎనిమిది ఉంది. మధ్యలో చుక్క పడలేదు. నేను మా ఇంటి ప్రతి బీము మీదా పది ఇళ్ల గోడలు ఎక్కించాను.

మా ఇంటి ఫైలు తెరిచి, చుక్క పెట్టి మళ్లీ మీట నొక్కాను. ఇల్లంతా పచ్చబడింది. పై అంతస్తు కలిపి చూసినా పచ్చగానే ఉంది. బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని చాలాసేపు బయటికి రాలేదు. బాపుకు ఫోన్ చేసి, అటువైపు బండ్ల హారన్ల మధ్య ఏడుస్తూ చెప్పాను. "అయితే పైన ఏసుకోవచ్చంటవా?" అన్నాడు. ఏసుకోవచ్చన్నాను. "మంచిదాయె బిడ్డా. రెండేండ్లెంతసేపు" అని, "కాకకు ఫోన్ల చెప్పకు. పొయ్యి చెప్పు" అన్నాడు.

నేను తంగళ్ళపల్లి వెళ్లేసరికి కాక ఒక మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుడుతున్నాడు. ఆయన ఎదురుగా కూర్చున్నాను గానీ, మగ్గాల మోతలో నా మాట నాకే వినబడలేదు. "తప్పు నాది కాకా!" అని అరిచాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఇంకా గట్టిగా అరిచాను. మూడోసారి ఊపిరంతా కూడదీసుకుని అరిచేసరికి కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. "తప్పు నాదే, నీ పిల్లర్లది కాదు!" అని షెడ్డంతా మోగింది. పదిమంది పనివాళ్లు తిరిగి చూశారు. ఒకతను నవ్వాడు కూడా. కాక నవ్వలేదు.

సంగతంతా చెప్పాను. "సుక్కనా?" అన్నాడు. కాగితం మీద రాసి చూపించాను. దాన్ని దగ్గరగా పట్టుకుని చూసి, మడిచి నాకే ఇచ్చాడు. "నువ్వు చెప్పినంక నాకే అనుమానమొచ్చింది బిడ్డా. ఆరు సలాకలేసిన్నా, నాలుగేసిన్నా అని. పొద్దంత కూసున్నా యాదికి రాలె. నేను కట్టినయన్నీ గట్లనే అయినయి, ఒక్కటి గూడ యాదికస్తలేదు."

"ఆరే వేసినవు కాకా. మళ్ల పనికి రా. అందరికీ నేనే చెప్త."

"చెప్పు. మంచిదే." కండె అందుకున్నాడు. "నాకైతే గోడ మీద చెయ్యి పెడితె ఎర్రగైతదేమో అనిపిస్తది."

నేను కోరుట్లలో ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. విన్నవాళ్లంతా అయ్యో అన్నారు. ఎవరూ పని మాత్రం ఇవ్వలేదు, ఇచ్చినా ఆయన వచ్చేవాడు కాదు. రెండేళ్ల తర్వాత బాపు వచ్చి వేరే మేస్త్రితో పై అంతస్తు మొదలుపెట్టాడు. స్లాబు పోసే రోజు నేనే వెళ్లి కాకను తీసుకొచ్చాను. ఎవరూ అడగకముందే పైకెక్కి, సలాకల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ తిరిగి, ఒక బీము దగ్గర వంగి కూర్చున్నాడు. "గీడ రెండు రింగులు తక్కువున్నయి" అన్నాడు నెమ్మదిగా. నిజమే. ఆ బీమును పొద్దున నేనే చూసి సరే అన్నాను. ఆ రింగులు కట్టించేదాకా అక్కడే నిలబడ్డాడు, అన్నం తిన్నాడు, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. మళ్లీ తాపీ పట్టలేదు.

ఇప్పుడు జగిత్యాలలో నాకూ ఒక చిన్న ఆఫీసు ఉంది. కొత్తగా చేరిన పిల్లలు, "మేడం, మొత్తం ఫెయిలయింది!" అని మెరిసే కళ్లతో పరుగెత్తుకొస్తారు. వాళ్లలో ఆ ఇరవై రెండేళ్ల పిల్ల కనిపిస్తుంది. దాని మీద కోపం ఎప్పుడో పోయింది, నవ్వే వస్తుంది. అప్పుడప్పుడు తంగళ్ళపల్లి నుంచి కాక ఫోన్ చేస్తాడు. మా యోగక్షేమాలు అడగడు. "ఇల్లెట్లున్నది బిడ్డా?" అంటాడు. మంచిగున్నది కాకా, అంటాను. "అయితె సరే" అని పెట్టేస్తాడు.