ఇంకొక్క పట్టీ వేయించుకోండి

ఆ రోజుల్లో మా గోదావరి జిల్లాల్లో ఖాళీ బండి తోలుకుపోవడమంటే, ఎదురుగా మనిషి నిలబడి ఉండగా ఒక్కళ్ళే కూర్చుని భోంచెయ్యడం లాంటిది. చూసినవాళ్ళెవరూ ఏమీ అనరు గానీ తినేవాడికి ముద్ద దిగదు. మా మావయ్యకి ఈ జబ్బు బాగా ముదిరిపోయింది. గౌతమి ఒడ్డున, కాలవ గట్టుకీ ఏటిగట్టుకీ మధ్య ఇరుక్కున్న ఊరు ఆయనది. ఒడ్డున అరటితోట, అవతల లంకలో కూరగాయలు. లంకలో ఇసకకీ బురదకీ తట్టుకుంటుందని ఒక పాత జీపు కొన్నాడు. పేరుకది వ్యవసాయం జీపే. కానీ రోడ్డు మీద మనిషి కనిపిస్తే చాలు, మావయ్య ప్రమేయం లేకుండానే ఆయన కాలు బ్రేకు మీదకి వెళ్ళిపోయేది. "ఎక్కడికండీ? ఎక్కండెక్కండి!" అనేవాడు. "అబ్బే, మేం అటు నించే వస్తున్నామండీ" అన్నవాళ్ళని కూడా, "పర్లేదండీ, మళ్ళీ వద్దురు గాని" అని ఎక్కించుకున్న సందర్భాలు నాకు తెలుసు.

ఇలా కొన్నేళ్ళు ఊరినంతా మోసి మోసి జీపు వెనక కూలబడిపోయింది. వెనక చక్రాల మీద ఉక్కు పట్టీలు ఒకదాని కిందొకటి పేర్చి కట్టిన కట్టలుంటాయి, మా వైపు కమాన్లంటాం. విల్లులా ఒంపు తిరిగి ఉండాల్సిన ఆ కమాన్లు ముందు అప్పడాల్లా చదునై, ఆపైన ఉయ్యాల్లా కిందికి జారాయి. వెనక భాగం రోడ్డుని రాసుకుంటుంటే ముందు మూతి ఆకాశంలోకి లేచింది. లైట్లు వేస్తే రోడ్డు తప్ప తక్కినవన్నీ కనిపించేవి. కొబ్బరిచెట్ల మీద కాకులు తెల్లారిందనుకుని గోల పెట్టేవి. (ఆ కాకుల్ని నమ్మి ఊళ్ళో సగంమంది లేచి పళ్ళు తోముకునేవారని మావయ్య చెప్పేవాడు. కాకుల వరకు నా కోత, పళ్ళు తోముకోవడం ఆయన కోత.)

అత్తయ్య ఓర్పు కూడా అలాగే పట్టీ పట్టీగా కుంగుతూ వచ్చింది. రామచంద్రపురంలో వాళ్ళ చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి వెళ్ళిన రోజున అది పూర్తిగా విరిగింది. ముందు సీట్లో ఇంజను వేడి కొడుతుందని ఆవిడ ఎప్పుడూ వెనకే కూర్చునేది. ఆ రోజు కొత్త పట్టుచీరతో వెళ్తుంటే దారిలో ఎక్కినవాళ్ళలో ఒక తవుడు బస్తా, మూడు కొబ్బరి పీచు మోపులు, ఒక మేక ఉన్నాయి. తూము దగ్గర గతుకులో జీపు వెనక భాగం నేలకి కొట్టుకుని సైలెన్సరు ఊడిపోయింది. దాన్ని తాడుతో కట్టేలోగా మేక అత్తయ్య జడలో పూలన్నీ తినేసింది. నిశ్చితార్థంలో ప్రతి ఒక్కరూ, "ఏంటొదినా, పూలు పెట్టుకోలేదేం?" అని అడగడమే. ఆవిడ ఏం చెబుతుంది?

ఇంటికొచ్చాక చీర కూడా మార్చుకోకుండా వీధరుగు మీద నిలబడి తీర్పు చెప్పింది. "ఏవండీ, కార్తీకంలో సోమవారం నాడు నేను ద్రాక్షారామం వెళ్ళాలి. ఈ జీపులోనే వస్తాను. మీరు, నేను, పిల్లాడు. నాలుగో మనిషి ఎక్కకూడదు. నడుం విరక్కుండా తీసుకెళ్ళి తీసుకొచ్చారా, ఉంచుకోండి. లేదంటే మర్నాడు చేపల షావుకారొచ్చి తోలుకుపోతాడు. ఇంక దాని ఊసెత్తడానికి వీల్లేదు." (పిల్లాడంటే నేను. అప్పటికే మీసాలున్నాయి, డిప్లొమా ఉంది, ఉద్యోగమొక్కటే లేక వాళ్ళింట్లోనే ఉంటున్నాను.) చేపల షావుకారు అప్పటికే వారానికోసారి వచ్చి, జీపు టైరుని కాలితో తడుతూ, "ఎప్పుడిస్తారండీ మరి?" అని పెళ్ళికూతుర్ని అడిగినట్టు అడిగిపోతుండేవాడు. ఆ పూట మావయ్య మూడో విడత పెరుగన్నం వద్దన్నాడు. మా ఇంట్లో దాన్ని నిరాహారదీక్ష కింద లెక్కేస్తారు.

"ఒరే అబ్బాయ్, జీపు పోతే మోటారుసైకిలే కదరా గతి" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "దాని మీద ఎక్కించుకుంటే ఒక్కణ్ణి ఎక్కించుకోగలను. పక్కన నిలబడ్డ రెండోవాడి మొహం ఎలా చూడమంటావు?"

"కమాన్లు మార్పిద్దాం మావయ్యా" అన్నాను.

అలా అనగానే నేను ఇంజనీరు గారినైపోయాను. (నాది సివిల్ డిప్లొమా. ఆ సంగతి అడిగినవాళ్ళకి చెప్పేవాణ్ణే. ఎవరూ అడగలేదు.) మర్నాడే ఇద్దరం రాజమండ్రిలో కమాన్ల కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన తెల్లలాల్చీ మనిషి, మహా మర్యాదస్తుడు. ముందు మజ్జిగ ఇచ్చి, తర్వాత, "ఖాళీగా తిరిగే బండాండీ, లోడు తిరిగే బండాండీ?" అని అడిగాడు.

మావయ్య సిగ్గుపడ్డాడు. "ఏదో... దారిలో ఒకళ్ళిద్దరు ఎక్కుతుంటారండి."

"మావయ్యా, డాక్టరు దగ్గరా కమాన్ల కొట్టులోనూ దాచకూడదు" అని నేను గొణిగాను.

"అంటే, పెళ్ళివారంతమందండి" అన్నాడు.

"రోజూనాండీ?"

"రోజూనేనండి."

కొట్టాయన మూడు రకాలు తెచ్చి నేల మీద పరిచాడు. మెత్తనివి, మధ్యరకం, మొండివి. మావయ్య గొంతుక్కూర్చుని ఒక్కొక్కదాన్నీ వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, కొబ్బరికాయలో నీళ్ళున్నాయో లేదో విన్నట్టు విన్నాడు. "ఇది ముదురు కాయరా" అన్నాడు మొండిదాని గురించి. నేనూ తక్కువ తినలేదు. మూడింటి మీదా నిలబడి గెంతి చూశాను. మెత్తనిది ఊగింది, మధ్యది కదిలింది, మొండిది కదల్లేదు. అప్పుడు నా బుర్రలో ఒక మహత్తరమైన తర్కం మెరిసింది. "మావయ్యా, అత్తయ్య షరతు ఒక్క రోజు. జనం ఏడాదంతా. కమాన్లు దేనికి కొనాలి? ఏడాదికి!" మావయ్య నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మా అక్క కడుపున ఇలాంటివాడు పుట్టాడా అని పొంగిపోయిన చూపది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ కొట్టాయన ఊరుకోడే! "ఇంకొక్క పట్టీ వేయించుకోండి" అన్నాడు, అచ్చం పెళ్ళి పంక్తిలో బూరెల బుట్ట పట్టుకుని నిలబడ్డట్టు.

"చాలండి, చాలండి" అని మావయ్య నిజంగానే ఆ కట్ట మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"అలా అంటే ఎలాగండీ, మీరసలేం వేయించుకోలేదు. ఒక్కటే కదండీ, మొహమాటపడకండి."

మా వైపు ఇక్కడిదాకా వచ్చాక కాదనడం అమర్యాద. ఒకటి వేశారు. ఒక పక్క వేశాక రెండో పక్క తప్పదు. అలా బరువెక్కిన కమాన్లతో మా ఊరి మెకానిక్ షెడ్డుకి వచ్చాం. ఆ మెకానిక్కుని ఊళ్ళో అందరూ 'ఆయ్ గారు' అనేవారు. ఏమడిగినా ముందు "ఆయ్" అని ఒప్పుకుని ఆ తర్వాత ఆలోచిస్తాడు. "ఇవి సరిపోతాయంటారా?" అంటే, "ఆయ్, సరిపోతాయండి." "మరీ గట్టివేమో?" అంటే, "ఆయ్, గట్టివేనండి." బిగించడం పూర్తయ్యేముందు ఆయన కూడా లోపల్నించి లారీదొక పాత పట్టీ పట్టుకొచ్చి, "మా షెడ్డుకొచ్చి ఏం వేయించుకోకుండా వెళ్తే ఎలాగండీ" అని బాధపడ్డాడు. దానికి జోడీ కూడా దొరికింది. దొరక్కుండా ఉంటుందా, మన గ్రహచారం!

జాకీ దించగానే జీపు వెనక భాగం కిందికి రాలేదు. పైనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆకాశం చూసిన మూతి ఇప్పుడు నేల వాసన చూస్తోంది. ఇంటి ముందు ఆపితే అత్తయ్య బయటికొచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఇదేంటి, ఎవరికి దణ్ణం పెడుతోంది?" అంది.

"నీకేనే" అన్నాడు మావయ్య.

సోమవారం తెల్లారకుండానే బయల్దేరాం. పూలూ పళ్ళూ కొబ్బరికాయలూ ఉన్న బుట్ట ముందు సీట్లో, మావయ్య పక్కన. నేనూ అత్తయ్యా వెనక ఎదురెదురుగా. ఊరు దాటుతుండగానే మొదటి గతుకు వచ్చింది. ఏం చెప్పమంటారు! కింద నించి ఎవరో తన్నినట్టయింది. నేను లేచి టాపు తగిలి కిందికొచ్చేసరికి అత్తయ్య పైకి వెళుతోంది. ఆ తర్వాత మేమిద్దరం ఒకే ఎత్తులో కలుసుకున్నది తక్కువ. ఆవిడ తిట్లు కూడా ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "ఏవండీ" నేల మీద అంటే, "ఆపుతారా" గాల్లో అనేది, "లేదా" మళ్ళీ నేల మీద. మావయ్య అద్దంలోకి చూస్తే ఆవిడ మొహం ఒకసారి కనబడుతోంది, ఒకసారి మాయమవుతోంది. ఆయన మొహంలో మాత్రం చేపల షావుకారు స్థిరంగా కనిపిస్తున్నాడు. చెరకు లారీ తిరిగే వేగానికి దించాడు, ఎడ్లబండి వేగానికి దించాడు. ఏ వేగానికి తగ్గ తన్ను ఆ వేగానికి ఉంది.

"రేపు పొద్దున్న కబురు పెట్టండి షావుకారుకి" అంది అత్తయ్య, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని.

అదే సమయానికి రోడ్డు పక్క ఒక ముసలావిడ, చేతిలో దీపాల సంచీతో, చెయ్యి ఎత్తింది. మావయ్య కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. షరతు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. జీపు కొన్న ఇన్నేళ్ళలో ఆయన ఒక మనిషిని దాటి వెళ్ళిపోవడం అదే మొదటిసారి. వెనక నించి మెడ మాత్రమే కనిపిస్తోంది నాకు. ఆ మెడ చూసి నాకే ఏడుపొచ్చింది. అత్తయ్య కూడా ఆ మెడనే చూసినట్టుంది.

"ఆపండి" అంది. "కార్తీక సోమవారం పూట దీపాలు పెట్టుకోడానికి వెళ్ళే ముసలావిణ్ణి వదిలేస్తే నాకు పుణ్యం దక్కుతుందా ఏంటి? ఆవిడొక్కర్తినే!"

వెనక్కి పోనిచ్చాడు. "భీమేశ్వరస్వామి గుడికే తల్లీ" అని ముసలావిడ సంతోషంగా పక్కనున్న గోడ వైపు తిరిగి, "ఒరేయ్, రండ్రా! జీపొచ్చింది!" అని కేక వేసింది. గోడ వెనక నించి ఇద్దరు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు (మూడో కోడలెలా వచ్చిందో తర్వాత తెలిసింది, పక్కింటావిడ), వాళ్ళ బావగారొకాయన, ఎండుచేపల బుట్టతో సంతకి వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. అత్తయ్య నోరు తెరిచేలోగా అందరూ సర్దుకుని కూర్చున్నారు. మావయ్య వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక బండి కదిలించాడు.

కాస్త దూరం వెళ్ళాం. అత్తయ్య కమ్మీ గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. "పెద్ద తూము ఇంకా రాలేదేం?"

"దాటేశామండి" అన్నాడు బావగారు.

ఆవిడ రెండో కన్ను తెరిచింది, కమ్మీ వదిలేసింది. జీపు గోదారి మీద పడవలా, ఉయ్యాల్లో పసిపిల్లలా వెళుతోంది. మర్యాదకి వేయించుకున్న ఆ పట్టీలన్నిటికీ తగిన బరువు అప్పటికి పడింది. అంతవరకు బరువు లేకనే మమ్మల్ని అలా తన్నింది. ఈ శాస్త్రం నాకు అప్పుడే అర్థమైంది. అత్తయ్యకి శాస్త్రంతో పనిలేకుండానే అర్థమైంది. ఎలాగంటే, రామచంద్రపురం సంత దగ్గర చేపల ఆడవాళ్ళిద్దరూ దిగారు. దిగగానే మొదటి గతుక్కి జీపు చిన్న తన్ను తన్నింది. "వాళ్ళెందుకు దిగిపోయారు?" అని అత్తయ్య కంగారుపడింది. ఆ తర్వాత సెంటర్లో ఏదో పనుందని ఇద్దరు కోడళ్ళు దిగబోతే, "కూర్చోండమ్మా, మళ్ళీ వద్దురు గాని" అంది. మావయ్య అద్దంలోకి చూశాడు. తన డైలాగు ఇంకొకరి నోట వినడం ఆయనకి కొత్త.

ఊరు దాటాక రోడ్డు పక్క వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ భారీ మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. అత్తయ్య ఆయన్ని దూరం నించే అంచనా కట్టేసింది. "ఏవండీ, ఆపండాపండి! రా నాయనా, ఎక్కు!"

"నేనెక్కడికీ వెళ్ళట్లేదమ్మా. పళ్ళు తోముకుంటున్నాను."

"ద్రాక్షారామంలో తోముకుందువు గాని. కార్తీక సోమవారం, స్వామి పిలిచాడనుకో!"

ఆయన స్వామి మాట కాదనలేకపోయాడు, పుల్ల నోట్లో ఉండగానే ఎక్కాడు.

దర్శనం అయ్యాక చూస్తే మాతో వచ్చినవాళ్ళంతా తలోదారి పట్టారు. గుడి ముందు రోడ్డు మీద అత్తయ్య పట్టుచీర కొంగు బిగించి నిలబడి, "కపిలేశ్వరపురం వైపండీ! రండమ్మా, చోటుంది, బోలెడు చోటుంది!" అని పిలుస్తుంటే, మావయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, పెళ్ళిచూపుల్లో కూడా చూడనంత మురిపెంగా ఆవిణ్ణి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి మేక తప్ప అందరూ ఉన్నారు జీపులో.

మర్నాడు చేపల షావుకారు వచ్చి టైరు తన్నాడు. "జీపు ఇవ్వం గానీ, మధ్యాహ్నం రావులపాలెం వెళ్తున్నాం. మంచి మనిషివి, బరువైనవాడివి. నువ్వూ రాకూడదూ?" అంది అత్తయ్య. జీపు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత మావయ్య ఒకళ్ళిద్దర్ని చూడక వదిలేస్తే అత్తయ్య గొడవపెట్టేది.

నేనిప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. తెల్లకారుంది. మొన్న సర్వీసుకిస్తే అక్కడి కుర్రాడు దాని కిందకి దూరి బయటికొచ్చి, "వెనక స్ప్రింగులు కొత్తవాటిలా ఉన్నాయండి, అసలు కుంగలేదు. చాలా జాగ్రత్తగా వాడారు సార్" అని మెచ్చుకున్నాడు. థాంక్స్ చెప్పి బయటికొచ్చాను గానీ ఆ మెచ్చుకోలు ఎందుకో ఒంటికి పట్టలేదు. కోటిపల్లి బస్టాండు దగ్గర ఒకాయన సంచీతో నిలబడి, ఫోను చూసుకుంటూ రోడ్డు వైపు చూస్తున్నాడు. నా కాలు దానంతటదే బ్రేకు మీదకి వెళ్ళింది. "ఎక్కడికండీ? ఎక్కండి" అన్నాను. ఆయన కారుని పైకీ కిందికీ చూసి, వెనక తలుపు తీసుకుని కూర్చుని, "ఓటీపీ చెప్పమంటారాండీ?" అన్నాడు.

ఆయన బుక్ చేసిన కారు ఇది కాదని చెప్పాలి కదా. చెబితే దిగిపోతాడు కదా. "చెప్పండి" అన్నాను. నాలుగంకెలు చెప్పాడు. మంత్రం విన్నంత శ్రద్ధగా విని, కారు ముందుకి పోనిచ్చాను. ఆయన కూర్చున్న వైపు కారు కాస్త కిందికి దిగినట్టనిపించింది. ఎంత హాయిగా ఉందో!