మెలాలి అత్త వెనక చక్రం

మెలాలి అత్త బండి వస్తోందంటే మాకు చాలా దూరం నుంచే తెలిసేది. ఇంజను చప్పుడు వల్ల కాదు, అది అన్ని బళ్ళకీ ఒకటే. వెనక చక్రంలో ఎవరో ఇసక పోసి తిరగలి తిప్పుతున్నట్టు గరగరమనేది. నాయనమ్మ చాప మీద పడుకునే "అదిగో, రొట్టెలొస్తున్నాయి" అనేది. వీధిలో పిల్లలు కూడా ఆ గరగర విని గిన్నెలు పట్టుకుని బయటికొచ్చేవారు.

అత్త మా నాన్నకి చెల్లెలు. నాన్న పరాయి దేశాల ఓడల్లో పని చేస్తాడు, ఇంటికి రావడం తక్కువ. ఇంట్లో ఉండేది నాయనమ్మ, అత్త, లోటో బాబాయి, నేను. నాయనమ్మ జారిపడి తుంటి విరిగినప్పుడు ఆవిడ్ని చూసుకోవడానికి నేను బడి మానేశాను. ఆవిడ లేచి కూర్చునేసరికి నా తోటివాళ్ళు పై తరగతులకి వెళ్ళిపోయారు. మళ్ళీ వెళ్ళమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

అత్త పెద్ద మనిషి. ఎత్తూ లావూ రెండూ. విమానాలు రాని సాయంత్రాలు రన్‌వే మీద వాలీబాల్ ఆడేటప్పుడు ఆవిడ కొట్టిన బంతికి అడ్డం రావడానికి మగవాళ్ళు కూడా జంకుతారు. పొద్దున్నే చర్చి వెనక ఉన్న రేకు పొయ్యిలో రొట్టెలు కాల్చి, బండి వెనక డబ్బాలో పెట్టుకుని, మా దీవి ఫునాఫుటి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇచ్చొస్తుంది. పని చేస్తున్నంతసేపూ కీర్తనలు పాడుకుంటుంది. ఆడవాళ్ళ స్వరంలో కాదు, గాయకుల్లో వెనక వరస మగవాళ్ళు పాడే కింది స్వరంలో. అది అత్త భర్త సెము మామ స్వరం. ఆయన పోయాక ఆ వరస పట్టుకుంది.

బండి కూడా మామదే, పాత మోటారు సైకిలు. దానికి ఏ జబ్బు చేసినా ఆయనే సీమపనస చెట్టు కింద విప్పుకుని కూర్చునేవాడు. అత్తని పక్కన కూర్చోబెట్టి "నువ్వు పట్టుకో చాలు" అనేవాడు. ఏళ్ళ తరబడి పట్టుకుంది. చక్కెర జబ్బుతో ఆయన పోయిన కొన్నాళ్ళకి బండి మొరాయిస్తే, అత్త ఒక్కతే కూర్చుని ఇంజను విప్పి మళ్ళీ బిగించింది. చివర్లో ఒక వాషరు మిగిలిపోయింది. బండి మాత్రం నడిచింది. "ఇది లేకపోయినా నడుస్తోందంటే ఆ మహానుభావుడు దీన్ని ఊరికే పెట్టాడన్నమాట" అని ఆ వాషర్ని తాళంచెవి తాడుకి కట్టుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈ ఏడు పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రం మామూలుగానే పగడపు నేల చిల్లుల్లోంచి ఉబికి ఊరి రోడ్ల మీదికొచ్చింది. అత్త ఆ ఉప్పునీళ్ళలోనే రొట్టెలు తిప్పింది. నీళ్ళు తీశాక గరగర ఇంకా పెరిగింది. తర్వాత చక్రం ఊగడం మొదలుపెట్టింది. ఒకరోజు మలుపులో బండి పక్కకి లాగేసి రొట్టెల డబ్బా బురదలో పడింది. అత్త బండిని చెట్టుకి ఆనించి, చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసింది. పిల్లాడి పాలపన్ను కదిలినట్టు కదిలింది.

"బేరింగులు పోయాయి" అంది.

అవి మా దీవిలో దొరకవు. పరాయి దేశపు పట్నం సువాలో ఉన్న చుట్టాలకి కబురు పెడితే ఓడలో పంపుతామన్నారు. ఓడ వచ్చేదాకా అత్త రొట్టెలు నడిచి ఇచ్చింది. ఆ కొసకి చేరేసరికి మధ్యాహ్నం అయ్యేది. అప్పటికి జనం అన్నాలు తినేసేవారు. మిగిలిన రొట్టెలు మేం తినేవాళ్ళం, మా తర్వాత పందులు.

చివరికి ఓడ వచ్చింది. బేరింగులతో పాటు తవిటా మామ కూడా దిగాడు. ఆయన సెము మామకి అన్న. సువాలో ఏదో పని చూసుకుని నివుటావోలో ఉన్న తన ఇంటికి వెళ్తున్నాడు. ఓడ ఇక్కడ ఆగి, మర్నాడు సాయంత్రం ఆయన దీవికి బయల్దేరుతుంది. మా ఇంటికొచ్చి, కొబ్బరి కల్లు తాగి, చెట్టు కింద బండిని చూశాడు.

"మెలాలీ, ఇది ఊరికే పడుందా?"

 మా దగ్గర చుట్టం నోరు తెరిచి అడిగితే లేదనడం ఉండదు. ఎంత ఇష్టమైనదైనా ఇచ్చేస్తారు. కాకపోతే వాడుకుంటున్న వస్తువుని ఎవరూ అడగరు. ఊరికే పడున్నదాన్నే అడుగుతారు. అందుకే ఆయన ముందు ఆ మాట అడిగాడు.

"పడి లేదు బావగారూ. కూర్చుంది" అంది అత్త.

"ఎన్నాళ్ళు కూర్చుంటుంది?"

"రేపు లేస్తుంది."

"మా వాడు పందుల దొడ్డికి నడిచి నడిచి కాళ్ళు అరగదీసుకుంటున్నాడు. తమ్ముడి బండి ఇలా తుప్పు పడుతుంటే చూడలేనమ్మా. రేపు ఓడ కూసేలోగా లేస్తే నీది. లేవకపోతే తాడు కట్టి తీసుకుపోతా."

నాయనమ్మ లోపల్నుంచి అంది, "మీ వాడికి అరగాల్సింది కాళ్ళు కాదు నాయనా, పొట్ట."

తవిటా మామ నవ్వాడు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆయన అటు వెళ్ళగానే అత్త స్పానర్లు తీసింది. ఇరుసు నట్టు తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. దాని మీద నూనె పోసి, కాసేపాగి, స్పానరు మీద కాలు పెట్టి నిలబడింది. ఆవిడ బరువుకి అది కిర్రుమని లొంగింది. చక్రం ఊడదీసి రెండు దుంగల మీద పడుకోబెట్టాం. నేను పట్టుకున్నాను, ఆవిడ కొట్టింది. చక్రం మధ్యలో అటొకటి ఇటొకటి బేరింగులు, వాటి నడుమ ఒక చిన్న గొట్టం ఉంటాయి. పొడుగాటి ఉలిలాంటి ఇనుముతో గొట్టాన్ని కాస్త పక్కకి నెట్టి, కనిపించిన అంచు మీద కొంచెం ఇటు, కొంచెం అటు కొడుతూ పోతే, చీకటి పడే వేళకి మొదటిది కింద పడింది. రెండోది త్వరగానే వచ్చింది. లోపల గ్రీజు లేదు, ఎర్ర బురద ఉంది.

కొత్తవాటిని అత్త నల్ల సంచిలో చుట్టి ఫ్రీజరులో పెట్టింది. చల్లబడితే ఇనుము వెంట్రుకవాసి తగ్గుతుంది, సులువుగా దిగుతుంది. సెము మామ అలాగే చేసేవాడు.

పొద్దున ఫ్రీజరు తెరిచి సంచి విప్పితే లోపల చేప ముక్కలున్నాయి. అత్త ఇంకో సంచి విప్పింది. కోడి కాళ్ళు. అన్నీ బయటికి తీసి నేల మీద పరిచింది. నేను ఆ చేప ముక్కల వైపే చూస్తున్నాను.

"అత్తా, బాబాయి ఎర ఇక్కడే ఉంది" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది, ఫ్రీజరు చూసింది. తర్వాత సముద్రం వైపు తిరిగి "లోటో!" అని ఒక అరుపు అరిచింది. ఆ అరుపు అందని దూరంలో బాబాయి ఉన్నాడు. తెల్లవారకముందే పడవేసుకుని వెళ్ళిపోయాడు. మా ఇళ్ళల్లో ఫ్రీజరులోంచి తీసుకునేటప్పుడు ఎవరూ ఎవర్నీ అడగరు, దీపం వేసి చూడరు. చేతికందిన సంచి అందుకుని పోతారు.

కాసేపటికి తవిటా మామ తాడు భుజాన వేసుకుని వచ్చాడు.

"చక్రమేదీ?"

"ఇదిగో."

"బేరింగులేవీ?"

"చేపలు పట్టడానికి వెళ్ళాయి" అంది అత్త.

ఆయన చాప మీద కూర్చుని తాడు పక్కన పెట్టుకున్నాడు. నాయనమ్మ ఆయనకి ఉడికించిన సీమపనస పెట్టించింది. ఆయన తింటూ చక్రం వైపు చూస్తున్నాడు. అత్త చక్రం మధ్యభాగాన్ని గుడ్డతో తుడిచిందే తుడుస్తోంది. పాడటం లేదు.

సూర్యుడు నడినెత్తికొచ్చాక బాబాయి ఐసుపెట్టె మోసుకుంటూ ఇంట్లో అడుగుపెట్టాడు.

"అక్కా! నా సంచిలో ఇనప గారెలు పెట్టిందెవరు?"

"అవి ఏవిరా?"

"ఒకటి ఐసులో ఉంది. అంత దూరం వెళ్ళి సంచి విప్పితే ఇవీ! పక్క పడవవాడి దగ్గర ఎర అడుక్కోవాల్సొచ్చింది, ఎంత నవ్వాడో తెలుసా?"

"రెండోది?"

బాబాయి కొంచెం తగ్గాడు. "నా గాలం సీసం గుండు రాళ్ళకి చిక్కి తెగిపోయింది. దీనికి చూస్తే మధ్యలో బొక్క ఉంది. దారం కట్టడానికే చేసినట్టుంది. కట్టాను." గాలం తాడు చుట్ట తీసి చూపించాడు. కొత్త బేరింగు దాని చివర వేలాడుతోంది. "మంచి చేపలు పడ్డాయి అక్కా" అని కూడా అన్నాడు.

అత్త చెయ్యెత్తింది గాని కొట్టలేదు. దారం కోసి బేరింగుని చెవి దగ్గర పెట్టుకుని తిప్పింది. తర్వాత వాననీళ్ళతో కడిగింది. నా జడలోంచి పిన్ను లాగి, బేరింగు పక్కనున్న రబ్బరు మూతని పగలకుండా మెల్లగా లేపింది. రెండో వైపు మూత కూడా అలాగే తీసింది. లోపలి గుండ్లని కిరసనాయిల్లో ముంచి ఆడించి, ఆరబెట్టి, వేలితో కొత్త గ్రీజు కూరి, మూతలు మళ్ళీ నొక్కింది. నొక్కి, దాన్ని కూడా చేపల మధ్య ఐసులో పెట్టింది.

తవిటా మామ లేచి దగ్గరికొచ్చాడు. "సముద్రంలో మునిగినదాన్ని బండికి వేస్తావా?"

"మా బండి పోటొచ్చినప్పుడల్లా మునుగుతూనే ఉంది బావగారూ."

నేను కెటిల్లో నీళ్ళు మరిగించి తెచ్చాను. అత్త చక్రం మధ్యలో ఆ నీళ్ళు పోసి, తుడిచి, ఐసులోంచి తీసిన బేరింగుని అందులో కూర్చోబెట్టింది. దాని మీద పాత బేరింగు పెట్టి, సుత్తితో అంచు చుట్టూ కొట్టింది. లోపలి రింగు మీద కొడితే కొత్తది కూడా పాడవుతుంది. టింగు టింగుమంటున్న చప్పుడు ఉన్నట్టుండి టక్కుమని బరువెక్కింది. అడుగుకి చేరిందన్నమాట. అత్త చక్రం తిరగేసి రెండోది అందుకుంది.

గొట్టం నా చేతిలోనే ఉంది. తవిటా మామ పక్కనే నిలబడి చూస్తున్నాడు. గొట్టాన్ని తీసుకెళ్ళి ఆవిడ ముక్కు ముందు పెట్టాను. అత్త దాన్ని చూసి సుత్తి కింద పెట్టింది.

"అది దేనికి?" అన్నాడు తవిటా మామ.

"ఇది లేకుండా బిగిస్తే రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుని చస్తాయి."

"అది కూడా వాషరు లాగా తాడుకి కట్టుకునేదానివేమో" అన్నాడు బాబాయి.

"నిన్ను కట్టుకుని తిరుగుతాను, అవతలికి పోరా."

గొట్టం లోపల పడింది. రెండో బేరింగు దిగింది. చక్రం బండికెక్కింది, గొలుసు ఎక్కింది, నట్టు బిగిసింది. అత్త చక్రాన్ని వేలితో తిప్పి వదిలేసింది. అది తిరుగుతూనే ఉంది, ఏ చప్పుడూ లేదు. సరిగ్గా అప్పుడే రేవులో ఓడ కూసింది.

అత్త బండెక్కి రన్‌వే మీదికి పోయింది. ఆ చివరిదాకా వెళ్ళి, తిరిగి వేగంగా వచ్చి, చేతులు వదిలేసి మరీ మా ముందు నుంచి పోయింది. బండి గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. వచ్చి ఆగింది.

"ఎక్కండి బావగారూ. ఓడ పోతుంది."

తవిటా మామ మొగలి చాపల కట్ట, బియ్యం మూట తెచ్చుకున్నాడు. బండిని లాక్కెళ్ళడానికి తెచ్చిన తాడుతోనే వాటిని వెనక బిగించాడు. ఎక్కబోతూ ఆగి, దుంగల దగ్గర పాత బేరింగుల వైపు చూశాడు.

"అవి ఊరికే పడున్నాయా?"

"పడున్నాయి. తీసుకెళ్ళండి."

"అక్కా, అవి నా గాలానికి అనుకున్నాను!" అన్నాడు బాబాయి.

"అనుకుంటే చాలదురా, అడగాలి" అని తవిటా మామ వాటిని జేబులో వేసుకున్నాడు.

వాళ్ళు మలుపు తిరిగాక నేను లోపలికి వెళ్ళాను. నాయనమ్మ ఇంకా చెవి రిక్కించి వింటోంది.

"ఎప్పుడు బయల్దేరతారు?" అంది.

"వెళ్ళిపోయారు నాయనమ్మా."

మర్నాడు అత్త సగం డబ్బా రొట్టెలు వెనక్కి తెచ్చింది. బండి వచ్చినట్టు ఎవరికీ తెలియలేదట, ఎవరూ గిన్నె పట్టుకుని బయటికి రాలేదట. బండికి హారన్ ఎప్పుడో పోయింది. ఇప్పుడు అత్త రొట్టెలిచ్చే దారంతా గొంతెత్తి కీర్తన పాడుకుంటూ పోతుంది, ఆ మగవాళ్ళ కింది స్వరంలోనే.